షిక్వాన్ పేరున సిలువ

మాతమెక్‌కి ఇద్దరు భార్యలు. పెద్దావిడ షిక్వాన్, చిన్నావిడ పిపున్. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. మశూచి వచ్చిన ఏడాది పిపున్ మొగుడు పోతే షిక్వానే వెళ్ళి, "ఒంటరిగా ఇక్కడేం చేస్తావే, మా పొయ్యి దగ్గరికి రా" అని చెల్లెల్ని తన గుడిసెకి తెచ్చుకుంది. మా ఇన్నూ జనంలో అది వింతేమీ కాదు. వేటాడే మగవాళ్ళు సగానికి సగం పోయాక, మిగిలినవాడు ఎంతమందికి తిండి పెట్టగలిగితే అంతమందికీ పెట్టేవాడు. అదే మశూచి షిక్వాన్ పిల్లలిద్దర్నీ కూడా తీసుకుపోయింది.

ఆ తర్వాతే మేం పెద్దనది ఒడ్డున, రాతికొండ మీది కోటకి దగ్గరలో, యేసు మతం చెప్పే ఫ్రెంచి నల్లంగీ సాములు కట్టించిన గూడేనికి చేరాం. మమ్మల్నెవరూ మెడపట్టి లాక్కురాలేదు. చుట్టూ ఉన్న దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి, అంతే. వాగుల్లో బీవర్లు లేవు. ఫ్రెంచివాళ్ళ ఇనప గొడ్డళ్ళకీ రాగి బిందెలకీ ఆశపడి మేమే వాటిని తోళ్ళ కోసం వేటాడి తుదముట్టించాం. ఎగువ నుంచి మా పగవాళ్ళు ఇరొక్వాలు తుపాకులు పట్టుకుని దిగుతున్నారు. మా చేతుల్లో విల్లంబులు. కోటలో తుపాకులున్నాయి గానీ బాప్తిస్మం పుచ్చుకున్న మగవాడికే అమ్ముతారు. చలికాలంలో బఠాణీలూ మొక్కజొన్నా పంచినా ముందు వాళ్ళకే.

ఆకులు రాలే కాలం. ఒడ్డంతా పొగ. పాముల్లా పొడుగ్గా ఉండే మలుగు చేపల్ని చీల్చి, ఎముక తీసి, పొగకి వేలాడదీస్తున్నారు ఆడవాళ్ళు. మాతమెక్ నల్లంగీ దగ్గర్నుంచి తిరిగొచ్చి పొయ్యి పక్కన కూలబడ్డాడు.

"ఏమన్నాడు?" అంది షిక్వాన్, చేతిలో కత్తి ఆపకుండానే.

"ఒక్కరే ఉండాలంట."

"ఒక్కరేనా? మంచిదే. నువ్వొక్కడివే ఉండు, మేమిద్దరం పోతాం."

పిపున్ పకపకా నవ్వింది. మాతమెక్ నవ్వలేదు.

"పరాచికాలు కాదే. పెళ్ళాం ఒక్కతే ఉండాలంట. రెండోదాన్ని పంపేస్తేనే నీళ్ళు పోస్తాడంట. నీళ్ళు పోస్తేనే తుపాకి."

షిక్వాన్ చేప పొట్టలోది తీసి కుక్కకి విసిరింది.

"దానికేం, చెల్లిని ఉంచుకో. నేను సాగ్నే నదికి పోతాను, మా మేనమామ దగ్గరికి. ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నదే. ఈ ఒడ్డు చూస్తే పిల్లలే కళ్ళముందు ఆడతారు. పైగా నీ గురకకి నా చెవులు ఎప్పుడో పోయినయ్."

"నా గురక కాదే, నీ నోటికే నా చెవులు పోయినయ్" అన్నాడు మాతమెక్. అన్నాడే గాని అతని మొహం తేలికపడింది. పిపున్ తల వంచుకుని పని చేసుకుంటోంది. అతనంటే ఆమెకి ఇష్టం. ఆ సంగతి అక్కకీ తెలుసు.

ఇష్టం లేని మొగుణ్ణి వదిలిపెట్టడానికి మాలో పెద్ద తతంగమేమీ ఉండేది కాదు. ఆడది తన బిందె తీసుకుని వెళ్ళిపోయేది. మగవాడు రెండు రోజులు మొహం వేలాడేసుకుని, మూడో రోజు వేటకి పోయేవాడు. కాబట్టి ముగ్గురూ ఒక మాట మీదికొచ్చి, నల్లంగీకి చెబుదామని కలిసే వెళ్ళారు.

ఆ సామి సన్నటి మనిషి. మా మాటలు నేర్చుకున్నాడు గానీ వాటి నడక పట్టుబడలేదు. చెప్పిందంతా విని, వేలు ఎత్తి అడిగాడు.

"మొదట ఏ ఆడది?"

"నేనే" అంది షిక్వాన్.

"అయితే నువ్వు పెళ్ళాం. ఆమె పెళ్ళాం కాదు. ఆమె వెళ్ళును."

"నాకీయన వద్దు సామీ. దానికి కావాలి. దానికే ఇచ్చెయ్యి."

"వద్దు అనుట లేదు. దేవుడు ముడి వేసెను."

"దేవుడెక్కడ వేశాడు సామీ, మా అమ్మ వేసింది. ఆమె పోయి చాలా కాలమైంది, అడ్డు చెప్పదులే."

వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వారు. నల్లంగీకి కోపం రాలేదు. అతనికి కోపం వచ్చి ఉంటే బాగుండేదని తర్వాత పిపున్ అనేది. కోప్పడే మనిషితో దెబ్బలాడొచ్చు. అతను మాత్రం జబ్బుపిల్లని చూసినట్టు జాలిగా చూసి, ఇంకోసారి అదే మాట చెప్పాడు. మొదటి భార్యే భార్య. ఇద్దరిలో ఒకరు బతికున్నంత కాలం ఆ ముడి విడిపోదు. పిపున్‌కి బాప్తిస్మం పుచ్చుకున్న మంచివాడిని తనే చూస్తాడు.

తిరిగి వచ్చే దారిలో అక్కచెల్లెళ్ళ అన్న వాపిష్టాన్ ఎదురొచ్చాడు. గూడెంలో నల్లంగీలు పెట్టించిన పెద్దల్లో అతనొకడు. మశూచిలో అతని బిడ్డలు ముగ్గురు పోయారు. చివరి ఘడియలో సామి వాళ్ళ నుదుట నీళ్ళు చల్లాడు. బిడ్డలు ఆకాశంలో ఉన్నారనీ, తప్పు చెయ్యకుండా బతికితే చూస్తావనీ చెప్పాడు. ఆ మాట పట్టుకునే వాపిష్టాన్ బతుకుతున్నాడు.

"అమ్మా షిక్వాన్, ఒప్పుకోవే" అన్నాడు చెల్లెలి చెయ్యి పట్టుకుని. "బావకి తుపాకి లేకపోతే ఎండాకాలానికి మనలో ఎవడి తల ఏ ఇరొక్వా గుంజకి వేలాడుతుందో తెలియదు. గూడెంలో పాపం ఉంటే మళ్ళీ మశూచి వస్తుందే. వచ్చిందంటే ఈసారి పూడ్చడానిక్కూడా ఎవరూ మిగలరు."

"నువ్వు మాట్లాడుతున్నావా, నీ నోట్లోంచి ఆ సామి మాట్లాడుతున్నాడా అన్నయ్యా?"

"ఎవరు మాట్లాడితేనేం. నిజమా కాదా?"

షిక్వాన్ చాలాసేపు నది వంక చూసింది. చివరికి, "సరే, నీళ్ళే కదా. పోయించుకుంటా" అంది.

వసంతం వచ్చాక ఎలాగూ పోవచ్చని ఆమె లెక్క. మొదటి మంచు పడ్డాక ఆ దంపతులిద్దరికీ గుళ్ళో నీళ్ళు పోశారు. మాతమెక్‌కి తుపాకి వచ్చింది. పిపున్ తన పడక చర్మం చుట్టుకుని గూడెం ఆ చివర అన్న ఇంటికి మారింది. బావ గుడిసె గడప తొక్కకూడదని ఆమెకి కట్టడి పెట్టారు. నది దగ్గర బావ ఎదురైతే ఆమె పక్కకి తప్పుకోవాలి. తప్పుకునేది. అతనూ తల తిప్పుకునేవాడు. ఎన్ని కళ్ళు చూస్తున్నాయో ఇద్దరికీ తెలుసు.

షిక్వాన్ వసంతం దాకా ఆగలేకపోయింది. మొగుడితో ఏదో మాటా మాటా అనుకుని, చలి బాగా ముదిరిన రోజుల్లో, కాళ్ళు మంచులో కూరుకుపోకుండా వెడల్పాటి మంచుజోళ్ళు కట్టుకుని ఉత్తరం అడవుల్లోకి బయల్దేరింది. పూర్వం అయితే ఎవరూ తలెత్తి చూసేవాళ్ళు కాదు. ఇప్పుడు పెద్దలు సభ చేశారు. పారిపోయిన భార్యని చూసీ చూడనట్టు వదిలేస్తే రేపు అందరూ అదే దారి పడతారన్నారు. వెతకడానికి వెళ్ళినవాళ్ళలో ముందు నడిచింది వాపిష్టానే. మంచులో జాడ పట్టడంలో అతన్ని మించినవాడు లేడు.

చేతులు కట్టి తీసుకొచ్చారు. కోట దిగువన ఒక రాతి గది ఉండేది. కిటికీ లేదు, పొయ్యి లేదు, నేల మీద ఇంత గడ్డి. అందులో పెట్టారు. ఆ శిక్ష వెయ్యమని అడిగింది మావాళ్ళే. కర్రపడవలవాళ్ళు, అదే ఫ్రెంచివాళ్ళు, తాళంచెవి ఇచ్చారు, అంతే.

పిపున్ అన్న మీద విరుచుకుపడింది.

"కట్టి తెచ్చావా? అక్కని? కుక్కనైనా అలా లాక్కొస్తావా నువ్వు?"

"దాని మంచికేనే."

"మంచికా! వేళ్ళు రాలిపోతే ఆ సామి తిరిగి అతికిస్తాడా?"

"వేళ్ళు పోతే పోతాయి. చచ్చాక నిప్పుల్లో పడి కాలేదానికంటే నయం. నాకు బాగుందనుకుంటున్నావా? దారంతా అది నన్ను చిన్నప్పటి పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. చెవులు మూసుకుని నడిచాను."

పిపున్ కొంచెం ఎలుగు కొవ్వు చింకి చర్మంలో చుట్టుకుని కోటకి వెళ్ళింది. తలుపు కింద నాలుగు వేళ్ళంత సందు ఉంది. నేల మీద బోర్లా పడుకుని అందులోంచి లోపలికి తోసింది.

"అక్కా, పాదాలకి రాసుకో."

"ఎవరది? నా సవతా?" లోపల్నుంచి గొంతు బొంగురుగా వచ్చింది. "మొగుణ్ణి ఎత్తుకుపోతావని అందరూ భయపడుతున్నారే. పట్టుకుపోవేం, దొంగముండా?"

పిపున్ నవ్వబోయి ఏడ్చేసింది.

"ఏడవకు. నాకొకటి అర్థం కావట్లేదే. ఇరొక్వాలు పట్టుకుంటే ఏం చేస్తారో నాకు తెలుసు. ఎలా చావాలో మా తాత చెప్పాడు. సొంత అన్న పట్టుకుంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు."

బుద్ధిగా ఉంటానని అందరి ముందూ ఒప్పుకున్నాక ఆమెని వదిలారు. ఎడమ కాలి వేళ్ళు రెండు నల్లబడి ఊడిపోయాయి. మొగుడి గుడిసెకి కుంటుకుంటూ నడుస్తుంటే గూడెం గుమ్మాల్లో నిలబడి చూసింది. ఆ తర్వాత షిక్వాన్ పరాచికాలు ఆగిపోయాయి. వండేది, నీళ్ళు తెచ్చేది, గంట కొడితే గుడికి వెళ్ళి మోకాళ్ళ మీద కూచునేది. మాతమెక్ ఏం అడిగినా "ఊఁ" అనేది.

ఆ "ఊఁ" వినలేకనే మాతమెక్ ఆ పని తలపెట్టాడు. వేటలో అతనికి సాగ్నే వైపు మనుషులు తగిలారు. వాళ్ళలో షిక్వాన్ మేనమామ కొడుకు ఉన్నాడు. బాప్తిస్మం లేని గుంపు. పొద్దున్నే కట్టెలకి వచ్చిన పిపున్‌ని చెట్ల చాటున ఆపి చెప్పాడు మాతమెక్.

"బతికున్నదాన్ని వీళ్ళు వదలరు. చచ్చిపోతే వదులుతారు."

"ఏమంటున్నావు బావా?"

"నది మంచు ఆటుపోట్లకి ఒడ్డున పగులుతోంది కదా. నీళ్ళకి వెళ్ళింది, కాలు జారింది, అంతే. బిందె అంచున ఉంటుంది. మంచు మీద గాలి నున్నగా ఊడ్చిన చోట నడిస్తే జాడ పడదు. దిగువన ఒడ్డు ముక్కులా పొడుచుకొచ్చిన చోట మీ మేనమామ కొడుకు మంచు మీద ఈడ్చే లాగుడుబల్లతో ఉంటాడు."

పిపున్ చేతిలోని కట్టెలు కింద పెట్టింది. "మళ్ళీ చూడమా అక్కని?"

"చూడం. చూస్తే అందరం దొరికిపోతాం." మాతమెక్ అటూ ఇటూ చూసి, చిన్నగా అన్నాడు, "అప్పుడు నిన్ను నేను గుళ్ళో చేసుకోవచ్చు."

ఆ మాటకి పిపున్ గుండె ఎగిరింది. ఎగిరినందుకు సిగ్గేసింది.

అక్కతో మాట్లాడే వీలు ఆమెకి ఒక్కసారే దొరికింది, నీళ్ళ దారిలో, నలుగురు ఆడవాళ్ళ మధ్య. షిక్వాన్ దగ్గరికి వచ్చి చెల్లెలి టోపీ ముడి సరిచేస్తున్నట్టు గడ్డం కింద చెయ్యి పెట్టి, "మలుగులకి పచ్చి కర్ర పొగ పెట్టకు, చేదెక్కుతాయి. ఎన్నిసార్లు చెప్పినా వినవు" అంది. అంతే.

మంచుగాలి విసురుతున్న ఒక ఉదయం, మాతమెక్ కేకలు పెట్టుకుంటూ నది మీంచి పరిగెత్తుకొచ్చాడు. గూడెం అంతా ఒడ్డుకి చేరింది. పగులు అంచున బిందె పడి ఉంది. పక్కనే దుప్పటి కొంగు మంచుకి అంటుకుని కొట్టుకుంటోంది. నీళ్ళు నల్లగా, మంచుముక్కల్ని ఒరిపిడి చేసుకుంటూ పోతున్నాయి. ఆడవాళ్ళు శోకం ఎత్తారు. పిపున్ నిజంగానే ఏడ్చింది. ఆమెకి అది చావుకి తక్కువేమీ కాదు.

వాపిష్టాన్ ఏడవలేదు. పగులు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి మంచు చూశాడు. తర్వాత ఎవరితో ఏమీ అనకుండా దిగువకి నడవడం మొదలుపెట్టాడు. పిపున్ చూసింది. అతని వెనకాలే పరిగెత్తింది.

ముక్కు దగ్గర, నున్నటి మంచు అయిపోయి మెత్తటి మంచు మొదలయ్యే చోట అతను ఆగాడు. అక్కడ జాడ ఉంది. మంచుజోళ్ళ గుర్తులు, ఎడమ పాదం ఈడ్చినట్టుగా. కాస్త దూరంలో లాగుడుబల్ల చారలు చెట్లలోకి పోతున్నాయి.

"అన్నయ్యా..."

"మాట్లాడకు."

అతను చెట్ల వంక చూస్తూ ఉండిపోయాడు. గడ్డం మీద మంచు పేరుకుంటోంది. కోట వైపు గంట మోగుతోంది, పోయినదాని కోసం. వాపిష్టాన్ కాలి మంచుజోడు అడ్డంగా తిప్పి, ఆ గుర్తుల మీద ఈడ్చాడు. ఒకటి, ఇంకొకటి. లాగుడుబల్ల చారల మీదికి దేవదారు కొమ్మ విరిచి ఊడ్చాడు. మిగతాది గాలి పూడ్చేస్తుంది.

"నా బిడ్డల్ని నేనింక చూడను" అన్నాడు. "తెలిసే చేశాను."

పిపున్ అతని కాళ్ళ మీద పడబోయింది. అతను వెనక్కి జరిగాడు.

"ఒక్క మాట విను. నువ్వు ఈ గూడెం దాటి ఎక్కడికీ పోకూడదు. నువ్వు కూడా మాయమైతే ఇద్దరి కోసం వెతుకుతారు, అది దొరుకుతుంది. దాన్ని పంపాం కాబట్టి నువ్వుండాలి. చచ్చేదాకా ఇక్కడే ఉండాలి. సరేనా?"

"సరే అన్నయ్యా."

శవం దొరకలేదు కనక, నల్లంగీ స్మశానంలో షిక్వాన్ పేరున కర్ర సిలువ ఒకటి పాతించాడు. ప్రార్థన చదువుతుంటే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ చలిలో ఆమెని గదిలో పెట్టిన సంగతి అతన్ని బాధిస్తోందని చూసినవాళ్ళకి తెలిసింది. వసంతం వెళ్ళాక, వాళ్ళ మతంలో కూడని పని అయినా, పోయిన భార్య చెల్లెల్ని చేసుకోవడానికి మాతమెక్‌కి అనుమతి తెప్పించాడు కూడా. పిపున్ నుదుట నీళ్ళు పోసి, తెల్ల గుడ్డ కప్పి, గుళ్ళో పెళ్ళి చేశారు. బఠాణీల పులుసుతో విందు పెట్టారు.

పిపున్ తన పడక చర్మం మళ్ళీ ఆ గుడిసెలో పరిచింది. మాతమెక్ తనది పొయ్యికి అటువైపు పరుచుకున్నాడు.

మొదట్లో అలసటనుకుంది. తర్వాత దుఃఖమనుకుంది. ఎండాకాలం సగం గడిచాక ఒక మధ్యాహ్నం వల అల్లుతూ అడిగేసింది.

"నేనంటే మొహం మొత్తిందా బావా?"

"లేదు."

"మరి?"

మాతమెక్ చేతిలోని వల వంకే చూస్తూ చెప్పాడు. "ఇద్దరిలో ఒకరు బతికున్నంత కాలం ముడి విడిపోదన్నాడు కదా సామి. మీ అక్క బతికుంది కదే."

"ఆ మాట నువ్వు నమ్ముతున్నావా?"

"అప్పుడు నమ్మలేదు. తుపాకి కోసం తల ఊపాను. రోజూ వినీ వినీ ఎక్కడో దిగబడింది. పాపాలు చెప్పుకోడానికి వెళ్ళి, అన్నీ చెప్పి ఇదొక్కటి దాచుకుని వస్తున్నా. నీ పక్కన పడుకుంటే ఆ దాచుకున్నది రెట్టింపవుతుంది."

అతన్ని వదిలి పిపున్ వెళ్ళడానికి లేదు, అన్నకి మాటిచ్చింది. ఉండీ అతని భార్య కాలేకపోతోంది. గూడెం కళ్ళకి మాత్రం అన్నీ అమరిన ఇల్లాలు. నల్లంగీ కొత్తగా వచ్చిన జంటలకి వాళ్ళిద్దర్నీ చూపించి, ఇలా ఉండాలని చెప్పేవాడు.

ఇలా కొన్ని ఏళ్ళు గడిచాయి. ఒక వేసవి చివర, సాగ్నే నది మొగలోని తదుసాక్ వైపు నుంచి తోళ్ళు తీసుకుని పడవలు వచ్చాయి. అందులో మేనమామ కొడుకు ఉన్నాడు, పిపున్‌కి బావ వరస. చుట్టూ జనం ఉండగానే తోళ్ళు దులుపుతూ నవ్వులాట మొదలుపెట్టాడు.

"ఏం మరదలా, చిక్కిపోయావు! ఇక్కడి గంజి అంత బాగుందా?"

"నీ మొహం చూసి చిక్కిపోయాలే బావా."

"మా వైపు ఒక కుంటామె ఉంది. నోరంటే నోరు కాదు, ఉరుము. మొగుణ్ణి రోజుకోసారి గుడిసెలోంచి బయటికి తోస్తుంది, వాడు మళ్ళీ పాకుతూ లోపలికొస్తాడు. ఈ వసంతంలో ఆడపిల్ల పుట్టింది. దానికీ అదే నోరు!"

జనం నవ్వారు. పిపున్ కూడా నవ్వింది. "బాగుంది ఆవిడ పని" అని, చేతిలో బీవర్ తోలు మడతపెట్టి కింద పెట్టింది. మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. కాస్త ఎడంగా వాపిష్టాన్ నిలబడి ఉన్నాడు. అతను కూడా విన్నాడు. మొహం తిప్పుకుని గుడి వైపు వెళ్ళిపోయాడు.

మాతమెక్ నది అంచున, ఆటు తీసిన బురదలో, మలుగుల కోసం రాళ్ళ అడ్డుగోడ కడుతున్నాడు. పిపున్ వస్తుంటే నడుం ఎత్తి చూశాడు.

"సాగ్నే వాళ్ళొచ్చారంట కదా."

"ఆఁ."

"కబురేమైనా ఉందా?" గొంతు తగ్గించి అడిగాడు. తర్వాత, ఆమె నోరు తెరిచే లోపలే, "పోయిందా?" అన్నాడు.

పిపున్ అతని మొహం చూసింది. అందులో భయం లేదు, ఆశ ఉంది. మంచి మనిషి. ఆ ఆశ తనకుందని అతనికే తెలియదు. అవునంటే చాలు. ఒక్క మాట. ఇవాళ ఏడుస్తాడు, రేపు గుళ్ళో గుండె నిండా ఊపిరి పీల్చుకుంటాడు, పొయ్యికి ఇటువైపుకి వస్తాడు. ఎవరూ వెళ్ళి చూడబోరు. ఆ మాట ఆమె నాలుక మీదికి వచ్చింది కూడా.

"లేదు బావా" అంది. "బతికే ఉంది. ఆడపిల్ల పుట్టిందంట."

మాతమెక్ తల ఊపాడు. "మంచిది" అన్నాడు. మళ్ళీ, "మంచిదేలే" అన్నాడు. చేతిలో రాయిని బురదలో జాగ్రత్తగా దింపి, చేతులు కడుక్కుని, గట్టు ఎక్కి గంట మోగుతున్న వైపు వెళ్ళిపోయాడు.

పోటు నీళ్ళు అప్పటికే రాళ్ళ సందుల్లోంచి లోపలికి పాకుతున్నాయి. గోడలో ఇంకా పెద్ద సందు ఉంది. పిపున్ పావడా అంచు నడుముకి దోపుకుని నీళ్ళలోకి దిగింది, అతను వదిలేసిన రాయిని రెండు చేతులా ఎత్తి సందులో కూర్చింది.